నాన్న మార్ఫిన్ మాత్రలు దాచుకుంటున్నారు

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. ప్రోస్టేట్ క్యాన్సర్ వెన్నెముకకు పాకింది. ఫిబ్రవరిలో నాలుగు గంటలకోసారి 10 మిల్లీగ్రాముల మార్ఫిన్ మాత్రతో మొదలుపెట్టారు. అప్పట్లో హాయిగా నిద్రపోయేవారు. ఇప్పుడు 20 ఇస్తున్నా మాత్ర వేళ కాకముందే నడుం పట్టుకుని కూర్చుంటున్నారు. మొన్న మా బావగారు నాన్న ఎదుటే, "మామయ్య నల్లమందుకు అలవాటు పడిపోయారు, ఇంక ఎంత ఇచ్చినా చాలదు" అనేశారు. ఆ రోజు నుంచి నాన్న కొన్ని మాత్రలు వేసుకోకుండా దిండు కింద దాస్తున్నారు. అడిగితే, "ముందు ముందు నొప్పి ఇంకా పెరుగుతుంది కదమ్మా, అప్పటికి ఈ మందు పనిచేయాలి" అంటున్నారు. నేను ఇంటర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. మెదడులో కొన్ని ప్రొటీన్లు లేకుండా చేస్తే ఎలుకల్లో మార్ఫిన్ ఇంకా బాగా పనిచేసిందని చదివాను. అది నిజమేనా? నాన్నగారికి అలాంటి మందు ఏదైనా దొరుకుతుందా? బావగారు అన్న మాట నిజమేనా?
– ఒక కూతురు, నల్లగొండ జిల్లా

జవాబు:

అమ్మా, మీ ఉత్తరంలో డోసు పెరగడం కన్నా దిండు కింద మాత్రలే నన్ను ఎక్కువ కలవరపెట్టాయి. ప్రొటీన్ల దగ్గరికి వెళ్లేముందు ఒక పని చెబుతాను, ఇవాళే చేయండి. నాన్నగారి పక్కన కూర్చుని, కోప్పడకుండా, దాచిన మాత్రలన్నీ లెక్కపెట్టండి. ఏ రోజు ఎన్ని మానేశారో ఆయనకు గుర్తున్నంతవరకు రాసుకుని, వెంటనే డాక్టరుకు ఫోన్ చేసి చెప్పండి. రోజుకు 120 మిల్లీగ్రాములు ఒంట్లోకి వెళుతోందనుకుని డాక్టరు డోసు నిర్ణయిస్తున్నారు. నిజానికి వెళుతున్నది 60 కావచ్చు, 80 కావచ్చు. అలాంటప్పుడు మాత్ర వేళకు ముందే నొప్పి తిరగబెట్టడంలో వింత లేదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. కొన్నాళ్లుగా తక్కువ వేసుకుంటున్న మనిషికి మీరు కంగారులో మొత్తం డోసు ఒక్కసారిగా వేయిస్తే మగత ఎక్కువవుతుంది, ఊపిరి నెమ్మదించవచ్చు. ఒళ్లు మార్ఫిన్‌కు అలవాటు పడినట్టే, ఆ అలవాటును త్వరగా మరిచిపోతుంది కూడా. మళ్లీ ఎంతతో మొదలుపెట్టాలో ఆయన డాక్టరే చెప్పాలి.

ఇక "అలవాటు" అన్న మాట. ఈ ఒక్క మాటతో మనం మూడు వేర్వేరు సంగతులు చెప్పేస్తాం, మీ ఇంట్లో జరిగిన గొడవంతా అక్కడే మొదలైంది. మొదటిది, అదే డోసు మునుపటంత పనిచేయకపోవడం. డాక్టర్లు దీన్ని టాలరెన్స్ అంటారు, నేను మందు పదును తగ్గడం అంటాను. రెండోది, మందు ఉన్నట్టుండి ఆపితే ఒళ్లు తిరగబడడం: చెమటలు, విరేచనాలు, ఒళ్లు నొప్పులు, నిద్ర లేకపోవడం. నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడినవాళ్లు హఠాత్తుగా మానేసినా ఒళ్లు తట్టుకోలేదు, వాళ్లను ఎవరూ తాగుబోతులతో పోల్చరు. మూడోది వ్యసనం. నొప్పి లేకపోయినా మందు కోసం వెంపర్లాడడం, దానివల్ల బతుకు పాడవుతున్నా ఆపుకోలేకపోవడం. మీ నాన్నగారు చేస్తున్నది దానికి పూర్తిగా ఎదురు. ఇచ్చిన మందును కూడా వేసుకోకుండా నొప్పి భరిస్తున్నారు. వ్యసనపరుడు మాత్రలు మిగల్చడమ్మా.

మొదటి రెండూ నరాల కణాల్లో జరిగే పనులు. మనిషి గుణంతో వాటికి సంబంధం లేదు. ఎలా జరుగుతాయో చెబుతాను, మీరు నాన్నగారికి చెప్పగలిగేలా బస్సు భాషలోనే చెబుతాను.

నడుం దగ్గర పుట్టిన నొప్పి కబురు వెన్నుపాము మీదుగా మెదడుకు వెళుతుంది. ఆ కబురును ఒక ఎక్స్‌ప్రెస్ బస్సు అనుకోండి. వెన్నుపాములోనూ, మధ్య మెదడులో పెరియాక్వడక్టల్ గ్రే అనే చోటా నరాల కణాల పైపొర మీద మ్యూ రిసెప్టర్ అనే ప్రొటీన్ ఉంటుంది. అది కండక్టర్. మార్ఫిన్ వచ్చి "ఆపు" అని అడిగితే కండక్టర్ గంట కొడతాడు. ఆ గంటే జి-ప్రొటీన్. గంట మోగగానే కణంలో రెండు పనులు జరుగుతాయి. కాల్షియం లోపలికి వచ్చే దారి మూసుకుంటుంది, అందువల్ల పక్క కణానికి కబురు అందించే రసాయనం విడుదల తగ్గుతుంది. పొటాషియం బయటికి పోయే దారి తెరుచుకుంటుంది, దాంతో కణం తొందరగా ఉద్రేకపడదు. బస్సు ఆగిందన్నమాట. ఈ జి-ప్రొటీన్లను కనుక్కున్నందుకు ఆల్‌ఫ్రెడ్ గిల్మన్, మార్టిన్ రోడ్‌బెల్‌లకు 1994లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన ఒంట్లో మార్ఫిన్‌కు కండక్టర్ ఎందుకున్నాడని మీ విద్యార్థులు అడిగితే చెప్పండి. 1973లో జాన్స్ హాప్‌కిన్స్‌లో కాండేస్ పెర్ట్, సాలమన్ స్నైడర్ మెదడులో ఈ రిసెప్టర్లు ఉన్నాయని చూపించారు. రెండేళ్లకు స్కాట్లాండ్‌లోని ఎబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ పందుల మెదడు నుంచి ఎన్‌కెఫలిన్లను వేరుచేశారు. అవి ఒళ్లు తనకు తాను తయారు చేసుకునే నొప్పి మందులు. రిసెప్టర్ ఉన్నది వాటికోసం. గసగసాల మొక్క కాయ నుంచి కారే పాలలోని మార్ఫిన్ కూడా అదే గుమ్మం ఎక్కుతుంది. మనం కూరల్లో వేసుకునే గసగసాలు ఆ మొక్క గింజలే, అయితే మందు ఉండేది ముఖ్యంగా కాయ పాలలో. 1996లో మ్యూ రిసెప్టర్ లేని ఎలుకలను పుట్టించి చూస్తే మార్ఫిన్ వాటి నొప్పిని తగ్గించలేకపోయింది, మందు మీద యావ పుట్టించలేకపోయింది, మానేసినా ఇబ్బంది పెట్టలేదు. మంచీ చెడూ అన్నీ ఆ ఒక్క కండక్టర్ చేతిమీదుగానే నడుస్తున్నాయని అప్పుడు రుజువైంది. ఈ రంగంలో కష్టమంతా అక్కడే ఉంది.

మీరు చదివిన ప్రొటీన్ల సంగతి ఇక్కడ వస్తుంది. గంట ఒకసారి మోగితే ఎల్లకాలం మోగుతూ ఉండదు. జి-ప్రొటీన్‌కు తనను తాను ఆపుకునే గడియారం ఉంది, కాకపోతే అది నెమ్మదిగా తిరుగుతుంది. ఆర్.జి.ఎస్. అనే ప్రొటీన్ల కుటుంబం ఆ గడియారాన్ని వేగంగా తిప్పుతుంది. బస్సు ఆగీ ఆగకముందే "రైట్, రైట్" అనేవాళ్లు వీళ్లు. వీళ్లు ఎక్కువగా ఉన్న కణంలో మార్ఫిన్ పని త్వరగా ముగిసిపోతుంది.

ఇంకో ప్రొటీన్ అరెస్టిన్. కండక్టర్ ఆపకుండా గంట కొడుతుంటే కణం అతని మీద ఫాస్ఫేట్ గుర్తులు వేస్తుంది. ఆ గుర్తు చూసి అరెస్టిన్ వచ్చి, గంట తాడు అతని చేతికి అందకుండా అడ్డం కూర్చుంటుంది. కొన్నిసార్లు కండక్టర్‌ను కణం లోపలికే లాగేస్తుంది. మార్ఫిన్ అడుగుతూనే ఉంటుంది, గంట మాత్రం మునుపటిలా మోగదు.

మూడోది, నాన్నగారికి వెంటనే అర్థమయ్యేది. బ్రేకు మీద కాలు తీయకుండా బస్సు నడపాల్సి వస్తే డ్రైవర్ ఏం చేస్తాడు? యాక్సిలరేటర్ ఇంకా తొక్కుతాడు. నరాల కణం కూడా అంతే. మార్ఫిన్ నొక్కిపెట్టిన అడెనైలిల్ సైక్లేజ్ అనే ఎంజైమ్‌ను అది రోజురోజుకూ పెంచుకుంటూ పోతుంది. ఇప్పుడు ఉన్నట్టుండి బ్రేకు వదిలేస్తే బస్సు ముందుకు దూకుతుంది. మందు హఠాత్తుగా ఆపినప్పుడు వచ్చే చెమటలు, వణుకు, అశాంతి ఆ దూకుడే. దీన్ని 1975లో శర్మ, క్లీ, నైరెన్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞులు కణాలను గాజు పాత్రల్లో పెంచి చూపించారు. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో, ఒక పెద్దాయనకు వేరే జబ్బు కోసం వార్డు మార్చినప్పుడు మార్ఫిన్ రాయడం మరిచిపోయారు. రెండో రోజుకు ఆయన మంచం మీద తడిసి ముద్దై వణుకుతున్నారు. ఇంట్లోవాళ్లు "చూశారా, బానిస అయిపోయాడు" అన్నారు. అది మా వార్డు చేసిన తప్పు. నింద మాత్రం ఆయన మోశారు. ఆ ముఖం ఇప్పటికీ మరిచిపోలేను, బావగారి మాట చదవగానే మళ్లీ గుర్తొచ్చింది.

ఇప్పుడు మీ ఎలుకలు. మీరు చదివింది నిజమే. 1999లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో లారా బోన్, రాబర్ట్ లెఫ్కోవిట్జ్, మార్క్ కారన్ బృందం బీటా-అరెస్టిన్-2 లేని ఎలుకలకు మార్ఫిన్ ఇచ్చి చూసింది. నొప్పి ఎక్కువ తగ్గింది, ఎక్కువసేపు తగ్గింది. మరుసటి ఏడాది అదే బృందం ఇంకో సంగతి చూపించింది. ఆ ఎలుకల్లో వేడి పలక పరీక్షలో మందు పదును తగ్గలేదు, కానీ మందు ఆపితే వచ్చే ఇబ్బంది మామూలుగానే వచ్చింది. అంటే పదును తగ్గడం ఒక దారి, ఒళ్లు ఆధారపడడం ఇంకో దారి. ఇందాక మూడు సంగతులు వేర్వేరని చెప్పానే, దానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు.

ఆర్.జి.ఎస్. ప్రొటీన్ల కథ ఇంకా చిక్కుగా ఉంది. 2003లో వెనెషియా జాకరియూ బృందం ఆర్.జి.ఎస్.-9 లేని ఎలుకలను చూసింది. మార్ఫిన్ బాగా పనిచేసింది, పదును ఆలస్యంగా తగ్గింది. కానీ మందు మీద యావ పెరిగింది, మాన్పిస్తే బాధ కూడా ఎక్కువైంది. గంటను ఆపేవాడు లేకపోతే మంచితోపాటు చెడు కూడా ఎక్కువసేపు మోగుతుంది మరి. 2018లో న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ నుంచి ఆవిడ బృందమే ఆర్.జి.ఎస్.-జెడ్-1 గురించి రాసింది. మార్ఫిన్ రోజూ ఇస్తూ ఉంటే ఈ ప్రొటీన్ పెరియాక్వడక్టల్ గ్రేలో పెరుగుతుంది. అది లేని ఎలుకల్లో నొప్పి బాగా తగ్గింది, పదును నిలిచింది, పైగా యావ తగ్గింది. ఒకే కుటుంబంలోని రెండు ప్రొటీన్లు, ఫలితాల్లో ఇంత తేడా! అందుకే "ఆ ప్రొటీన్‌ను ఆపేస్తే పోలేదా" అని తొందరపడలేం. మెదడులో ఏ మూల, ఏ ప్రొటీన్ అన్నది చూడాలి. ఎలుకలో పుట్టుకతోనే జన్యువు తీసేయవచ్చు. మీ నాన్నగారి మెదడులో ఒక్క మూల ఒక్క ప్రొటీన్‌ను తగ్గించే మాత్ర ఇవాళ మందుల షాపుల్లో లేదు. ఎవరైనా ఉందని అమ్మజూపితే డబ్బు ఇవ్వకండి.

అరెస్టిన్ దారిలో ఒక మందు వచ్చింది. గంట మోగించి అరెస్టిన్‌ను తక్కువగా పిలిచే ఒలిసెరిడిన్‌కు అమెరికాలో 2020లో అనుమతి దొరికింది. అది ఆసుపత్రిలో రక్తనాళంలోకి ఎక్కించే మందు, ఇంట్లో నెలలపాటు వాడేది కాదు. ఊపిరి నెమ్మదించే ప్రమాదం గురించిన గట్టి హెచ్చరిక దాని మీద కూడా ఉంది. అరెస్టిన్‌ను పక్కన పెడితే ఊపిరికి ముప్పు ఉండదన్న ఆశ తర్వాతి ఎలుకల ప్రయోగాల్లోనే చెదిరిపోయింది.

సైన్సు ఇక్కడి దాకా వచ్చింది. అందులో మీకు ఈ వారమే పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి.

అన్నిటికంటే ముందు ఒక అనుమానం తీర్చుకోవాలి. క్యాన్సర్ ఉన్నవాళ్లలో డోసు పెంచాల్సి వచ్చిందంటే ఎక్కువసార్లు కారణం జబ్బు పెరగడమే, ప్రొటీన్లు కాదు. చాలామంది ఒకే డోసు మీద వారాలు, నెలలు నిలకడగా ఉంటారు. వెన్నెముకలో గడ్డ ఉన్న మనిషికి నడుం నొప్పి పెరిగిందంటే అది వెన్నుపామును నొక్కుతోందేమో చూడాలి. నాన్నగారి కాళ్లలో కొత్తగా బలహీనత, తిమ్మిరి ఉన్నాయా? మూత్రం బిగబట్టినట్టు అవుతోందా, తెలియకుండా పోతోందా? దగ్గినా పడుకున్నా నొప్పి నడుం చుట్టూ పట్టీ బిగించినట్టు వస్తోందా? వీటిలో ఒక్కటి ఉన్నా రేపటి దాకా ఆగకండి. ఎం.ఆర్.ఐ. ఉన్న పెద్దాసుపత్రికి ఆ రోజే తీసుకెళ్లండి. వెన్నుపాము నొక్కుకుపోయినప్పుడు కాళ్లు దక్కడం, దక్కకపోవడం గంటల తేడా మీదే ఆధారపడుతుంది. దీన్ని "మందుకు అలవాటు పడ్డాడు" అని కొట్టిపారేసిన ఇళ్లు నేను చూశాను.

అవేవీ లేకపోతే డాక్టరును ఇవి అడగండి. ఎముక నొప్పికి రేడియేషన్ ఇవ్వడానికి వీలుందా? కొందరికి ఒక్క సిట్టింగ్‌తోనే నొప్పి బాగా తగ్గుతుంది, మార్ఫిన్ డోసు కూడా తగ్గించవచ్చు. నొప్పి కరెంటు షాకులా, మంటలా కాలిలోకి దిగుతుంటే అది నరం నొప్పి. దానికి మార్ఫిన్ ఒక్కటే చాలదు, గాబాపెంటిన్ లాంటి మందు తోడివ్వాలి. కిడ్నీ పరీక్ష కూడా చేయించండి. ప్రోస్టేట్ జబ్బులో మూత్రం అడ్డుపడి కిడ్నీ దెబ్బతినవచ్చు, అప్పుడు మార్ఫిన్ నుంచి పుట్టే పదార్థాలు ఒంట్లో పేరుకుంటాయి. చేతులు కాళ్లు ఉలిక్కిపడినట్టు అదురుతుంటే తప్పకుండా చెప్పండి. అరుదుగా, డోసు పెంచేకొద్దీ నొప్పి ఒళ్లంతా పాకుతుంది, ముట్టుకున్నా నొప్పి అంటారు. అప్పుడు డోసు తగ్గించడమో మందు మార్చడమో మేలు.

మందు మార్చడం అన్నాను. ఇది పదును తగ్గినప్పుడు మా చేతిలో ఉన్న మంచి ఉపాయం. ఫెంటానిల్, మెథడోన్ అనే నొప్పి మందులు కూడా అదే కండక్టర్ దగ్గరికి వెళతాయి. అయినా ఒక్కో మందు అతన్ని ఒక్కోలా కదిలిస్తుంది. అందుకే మార్ఫిన్‌కు మొద్దుబారిన ఒళ్లు కొత్త మందుకు అంతగా మొద్దుబారి ఉండదు. ఈ కారణం చేతనే మార్చేటప్పుడు లెక్కకు వచ్చిన డోసు కంటే తక్కువతో మొదలుపెడతాం. మెథడోన్ అదనంగా, నొప్పి కబురును పెంచే ఎన్.ఎమ్.డి.ఎ. అనే ఇంకో రిసెప్టర్‌ను కూడా అడ్డుకుంటుంది. ఆ రిసెప్టర్‌ను ఆపితే మార్ఫిన్ పదును తగ్గడం నెమ్మదిస్తుందని 1991లోనే ఎలుకల్లో తెలిసింది. అయితే మెథడోన్ లెక్క చాలా జాగ్రత్తగా వేయాలి, అనుభవం ఉన్న డాక్టరే ఇవ్వాలి.

పేగుల సంగతి వేరుగా చెప్పాలి. పేగుల్లో కూడా మ్యూ రిసెప్టర్లు ఉన్నాయి, అక్కడ మార్ఫిన్ పదును దాదాపు తగ్గదు. మొదటి వారం ఉన్న వాంతులు, మగత చాలామందికి సర్దుకుంటాయి, మలబద్ధకం మాత్రం సర్దుకోదు. విరేచనం మందు రోజూ ఇవ్వాల్సిందే. కడుపు బిగుసుకుపోయి కూడా మాత్రలు మానేసేవాళ్లు ఉంటారు. సిగ్గుపడి కూతురితో చెప్పరు. మీ అమ్మగారి చేతనో తమ్ముడి చేతనో అడిగించండి.

మార్ఫిన్‌తోపాటు నిద్రమాత్రలు, మద్యం వద్దు. పిలిచినా లేపినా పలకనంత మగత, నిమిషానికి 8 కంటే తక్కువ ఊపిర్లు, సూదిమొనల్లాంటి కంటిపాపలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. దాచిన మాత్రలు పిల్లలకు అందకూడదు, ఆ లెక్కను డాక్టరుకు అప్పజెప్పండి.

బావగారి మీద కోపం పెట్టుకోకండి. ఆయన భయం ఆయన ఒక్కడిదే కాదు. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చాక ఎన్నో లైసెన్సులు కావాల్సి రావడంతో మందుల షాపులు, ఆసుపత్రులు మార్ఫిన్ తెచ్చుకోవడమే మానేశాయి. పన్నెండేళ్లలో మన దేశంలో వైద్యానికి వాడే మార్ఫిన్ 97 శాతం దాకా పడిపోయింది. మధ్యప్రదేశ్, రాజస్థాన్ పొలాల్లో ప్రభుత్వ అనుమతితో నల్లమందు పండించి ప్రపంచానికి అమ్మిన దేశంలో, మన క్యాన్సర్ రోగులు కేకలు పెడుతూ పోయారు. ఒక తరం డాక్టర్లు మార్ఫిన్ రాయడం నేర్చుకోకుండానే చదువు ముగించారు. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్లు ఏళ్లతరబడి పోరాడాక 2014లో చట్టం సవరించారు. ఇప్పుడు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో మార్ఫిన్ ఇస్తున్నారు. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి, ఉపశమన చికిత్స విభాగం ఉంది. తెలంగాణలో జిల్లా స్థాయిలో కూడా పాలియేటివ్ కేంద్రాలు పెట్టారు. మీ దగ్గరి కేంద్రం వివరం జిల్లా ఆసుపత్రిలో అడగండి. మీ డాక్టరుకు మందు మార్చడంలో అనుభవం లేకపోతే అక్కడికి వెళ్లండి.

నాన్నగారి భయానికి కూడా జవాబు ఉంది. "అప్పటికి పనిచేయాలి" అని ఆయన మందును పొదుపు చేస్తున్నారు. పారాసెటమాల్‌కు ఇంతకు మించకూడదన్న గీత ఉన్నట్టు, క్యాన్సర్ నొప్పిలో మార్ఫిన్‌కు ఒకే అంకె మీద గీత లేదు. మగత, ఊపిరి చూసుకుంటూ డాక్టరు మెల్లగా పెంచగలరు, మార్చగలరు, తోడు మందు చేర్చగలరు. ఇవాళ నొప్పి భరిస్తే రేపటికి మందు మిగలదు. పైగా గంటల తరబడి నొప్పితో ఉంటే వెన్నుపాములోని నరాలు ఇంకా సున్నితమైపోతాయి, తర్వాత అణచడానికి ఎక్కువ మందు కావాల్సి వస్తుంది. బస్సు వాలులో వేగం అందుకున్నాక బ్రేకు వేయడం ఎంత కష్టమో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ కండక్టర్, గంట, "రైట్, రైట్" సంగతి మీరే ఆయన పక్కన కూర్చుని చెప్పండి. వీలైతే బావగారు ఇంటికి వచ్చిన రోజు, ఆయన వినేలా చెప్పండి. ఆ రాత్రి మాత్ర వేళకు మంచినీళ్ల గ్లాసు బావగారి చేతికే ఇవ్వండి.